దారి వదిలినవాడు

జ్ఞానానందం నెల్లిమర్లలో ట్రాక్టర్ల మెకానిక్కు. విజయనగరం వెళ్ళే రోడ్డు పక్కన ఒక కాంట్రాక్టరు గో-కార్ట్ ట్రాక్ పెట్టినప్పుడు ఆ చిన్న బళ్ళ మరమ్మతు పని అతనికే వచ్చింది. పొద్దున్న జనం రాకముందు ఒక గంటసేపు తన పిల్లలు నడుపుకునేలా యజమాని దగ్గర మాట తీసుకున్నాడు. అప్పటికి ప్రకాష్‌కి పన్నెండేళ్ళు, గ్లోరీకి పది.

ఆ గంట ఆటలా సాగేది కాదు. జ్ఞానానందం చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది. అన్నాచెల్లెళ్ళలో ఎవరు వెనకపడితే వాళ్ళు ఇంటికి నాలుగు కిలోమీటర్లు నడిచి రావాలి. గెలిచినవాళ్ళని తండ్రి తన మోటారుసైకిలు మీద తీసుకెళ్ళేవాడు. దాదాపు రోజూ నడిచేది గ్లోరీయే. ఆమె చేరేసరికి బడిలో ప్రార్థన అయిపోయేది. టీచరు బయట నిలబెట్టేది.

తల్లి రాజకుమారి ఒకసారి అడ్డం పడింది. "పదేళ్ళ పిల్లండీ. ఎందుకలాగ నడిపిస్తన్నారు?"

"బండెక్కినాక పదేళ్ళేటి, ఇరవయ్యేళ్ళేటి. రేపు గెలిస్తే నడవదు," అన్నాడు జ్ఞానానందం.

ఒక మే నెల ఉదయం ప్రకాష్ చివరి మలుపు దగ్గర కావాలనే వేగం తగ్గించాడు. గ్లోరీ ముందుగా గీత దాటి, చేతులు పైకెత్తి నవ్వింది. జ్ఞానానందం నవ్వలేదు. ఇంజన్ చప్పుడు ఎక్కడ తగ్గిందో అతను చెవులతోనే పట్టేశాడు. ప్రకాష్‌ని మోటారుసైకిలెక్కించి, గ్లోరీ చెప్పులు విప్పించి తన సంచిలో వేసుకున్నాడు.

"ఆడు జాలిపడితే అది నీ గెలుపనుకున్నావు. మళ్ళీ ఎవడైనా నీ మీద జాలిపడితే ఆడిని గుద్దేసి ముందుకి పో. అర్థమైందా?"

గ్లోరీ తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో ఇంటికొచ్చింది. సాయంత్రం ప్రకాష్ ఆమె అరికాళ్ళ బొబ్బలకి కొబ్బరినూనె రాశాడు.

"ఇంకెప్పుడూ వదల్ను లేవే," అన్నాడు తల దించుకుని.

ఆ తరవాత ఆరేళ్ళు ముగ్గురూ ఊళ్ళు తిరిగారు. ఇంజన్‌ని గోనెసంచిలో చుట్టి, రైల్లో జనరల్ పెట్టెలో కాళ్ళ దగ్గర పెట్టుకుని హైదరాబాదు, బెంగళూరు, కోయంబత్తూరు వెళ్ళేవారు. పిల్లలిద్దరూ కప్పులు తెచ్చారు. ప్రకాష్ ఎక్కువ తెచ్చాడు. ట్రాక్‌ని ఒక్కసారి నడిచి చూస్తే చాలు, ఎక్కడ ఎంత బ్రేకు వెయ్యాలో అతనికి తెలిసిపోయేది. గ్లోరీకి ఆ చూపు లేదు. భయం కూడా లేదు.

ఆమెకి పదహారేళ్ళప్పుడు జాతీయ కార్టింగ్ ఫైనల్ కోయంబత్తూరులో జరిగింది. గెలిచినవాళ్ళకి, ఫార్ములా వన్ వైపు తొలి మెట్టయిన ఫార్ములా ఫోర్ కారులో చోటిస్తామని ఒక జట్టు ప్రకటించింది. ఒక్కటే చోటు. పోటీకి ముందు జ్ఞానానందం ఇద్దరినీ పక్కన నిలబెట్టుకుని, "మీలో ఎవరైనా నాకొకటే. రెండో వాళ్ళు నాతో ట్రాక్టర్ల షెడ్డుకొస్తారు," అన్నాడు.

చివరి ల్యాపులో ప్రకాష్ మొదట ఉన్నాడు, వెనకే గ్లోరీ. ఇంకో మలుపే మిగిలింది. అక్కడ అన్న వెనక చక్రాన్ని గుద్దాలని ఆమె ముందే అనుకుంది. మలుపు దగ్గరికి రాగానే ప్రకాష్ కార్ట్ బయటివైపుకి జరిగింది. లోపలివైపు ఆమె బండి పట్టేంత ఖాళీ ఏర్పడింది. అన్న పొరపాటున అలా జరిగే మనిషి కాడు. గ్లోరీకి ఆ ఖాళీ కనిపించింది. కనిపించాక కూడా ఆమె స్టీరింగు అటు తిప్పలేదు. అనుకున్న చోటే గుద్దింది.

ప్రకాష్ కార్ట్ పల్టీ కొట్టింది. వెనకొస్తున్న బండి అతని కుడిచేతి మీదుగా పోయింది.

గ్లోరీ గీత దాటి, బండి ఆపి, హెల్మెట్ తీసేసరికి తండ్రి ఎదురుగా ఉన్నాడు. కొడుకుని ఎక్కించుకుని అంబులెన్స్ అప్పుడే గేటు దాటుతోంది.

"అన్నియ్య దగ్గరికి పోదాం నాన్నా."

"కప్పు తీసుకో ముందు. ఆస్పత్రి ఎక్కడికీ పోదు."

చివరి మలుపులో తగులుకోవడం మామూలేనని జడ్జీలు గెలుపు ఆమెకే ఇచ్చారు. ఆమె కప్పు తీసుకుంది. ఫోటోకి నవ్వమంటే నవ్వింది కూడా.

ఆస్పత్రిలో ప్రకాష్ కట్టుకట్టిన చేతిని గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. ఆమెని చూసి నెమ్మదిగా అడిగాడు. "దారి వదిలేను కదే. సూడలేదా?"

"సూడలేదన్నియ్యా."

అతను నమ్మాడు. నమ్మి, ఎడమచేత్తో ఆమె తల నిమిరాడు.

ప్రకాష్ కుడిచేతి మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అతను విజయనగరంలో ట్రాక్టర్ విడిభాగాల షాపులో పనికి కుదిరాడు. గ్లోరీ రెండో ఏడు ఫార్ములా ఫోర్ గెలిచింది. అక్కణ్ణించి ఇంగ్లండు, ఆపైన ఫార్ములా త్రీ. జ్ఞానానందం కొన్నాళ్ళు వెంట తిరిగాడు. గ్యారేజీలో ఇంజనీర్ల మీద అరుస్తున్నాడని జట్టు వాళ్ళు ఇక అతన్ని లోపలికి రానిచ్చేది లేదన్నారు. గ్లోరీ అడ్డు చెప్పలేదు. టిక్కెట్టు తీసి నెల్లిమర్ల పంపించేసింది.

ప్రకాష్ మాత్రం ప్రతి రేసు వీడియో చూసి ఫోన్ చేసేవాడు.

"ఏడో మలుపులో బండి జారిపోతాదని భయపడతన్నావు. జారదు. ఇంకో పది అడుగులు పోయి బ్రేకెయ్యి."

అతను చెప్పినట్టు చేసి ఆమె ఆ ఏడాది రెండు రేసులు గెలిచింది. ఈ సంగతి జట్టు ఇంజనీరుకి తెలిసింది. అలాంటి మనిషి ఇక్కడే ఉండాలన్నాడు. వీసా కోసం జట్టు ఒక ఉత్తరం ఇస్తే చాలు. ప్రకాష్ పాస్‌పోర్టు తీసుకున్నాడు, షాపు పని మానేశాడు. రాజకుమారి అతనికి రెండు స్వెట్టర్లు కొంది.

ఉత్తరం మీద సంతకం పెట్టేముందు జట్టు మేనేజరు గ్లోరీ ఇష్టం అడిగాడు. ఆమె వద్దంది.

మూడు నెలలు ప్రకాష్ ఎదురుచూశాడు. అతను ఫోన్ చేసినప్పుడల్లా గ్లోరీ "ఇంకా ఇవ్వలేదన్నియ్యా, అడుగుతన్నాను" అనేది. ఆ మాట అయ్యాక, వచ్చే రేసులో ఏ మలుపు ఎలా తీసుకోవాలో అడిగి రాసుకునేది. చివరికి ప్రకాష్ తనే ఇంజనీరుకి మెయిల్ పెట్టాడు. ఆయన ఉన్నమాట చెప్పేశాడు.

ఆ సాయంత్రం ప్రకాష్ ఫోన్ చేశాడు.

"కాయితం నివ్వే వద్దన్నావా?"

"అవును."

"ఎందుకే?"

అబద్ధాలు చాలా చెప్పింది. ఇంకోటి నోటికి రాలేదు. "కోయంబత్తూరులో నివ్వు దారి వదలడం సూసేను. సూసే గుద్దేను. నివ్వు రోజూ నా ఎదర ఉంటే నాకదే కనబడతాది. కనబడితే నాను నడపలేను."

 అవతల రాజకుమారి ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు దూరంగా వినిపించింది.

"చెయ్యి పోయినందుకు నానొక్కనాడు ఏడవలేదు," అన్నాడు ప్రకాష్. "నివ్వు సూడలేదనుకున్నాను." కాగితాలు మడుస్తున్న చప్పుడు వినిపించింది. "వచ్చే రేసు గురించి నాలుగు పేజీలు రాసుంచేను. ఇంక పంపను."

గ్లోరీ ఆ రేసు గెలిచింది. ఆ నాలుగు పేజీలు అవసరం రాలేదు. తరవాతి ఏడు ఫార్ములా టూకి వెళ్ళింది, అక్కడా గెలిచింది. అన్నకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అతను ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆమె చెయ్యడం మానేసింది.

ఇరవై మూడో ఏట ఫార్ములా వన్ జట్టులో ఆమెకి చోటు దొరికింది. ఒప్పందం మీద సంతకం చేసి బయటికొచ్చి, ఆమె తల్లికి ఫోన్ చేసింది. రాజకుమారి అంతా విని, "మంచిదమ్మా. దేవుడు దయసూశాడు," అంది. ఆమె గొంతులో అలసట ఉంది.

"ఒంట్లో బాగులేదా అమ్మా?"

"బాగానే ఉన్నాది. చుట్టాలిప్పుడే ఎల్లేరు. మొన్న పార్వతీపురం చర్చిలో అన్నియ్య పెళ్ళైపోనాది."

గ్లోరీ గోడకి ఆనుకుంది. "నాకు సెప్పలేదేటి?"

"సెప్పొద్దన్నాడు. నిన్ను పిలిస్తే పెళ్ళే మానేస్తానన్నాడు. నానేటి సెయ్యగల్ను?"

లోపల జట్టు వాళ్ళు ఫోటోల కోసం ఆమెని పిలుస్తున్నారు. వస్తున్నానని చెయ్యి ఊపింది.

"వదిన పేరేటమ్మా?"



"అదీ సెప్పొద్దన్నాడమ్మా," అంది తల్లి.