ఆరుకీ తొమ్మిదికీ ఒకే అచ్చు

ఆదివారం ఉదయం ఐదూ నలభైకి కారు బయల్దేరింది. డిక్కీలో మడత నిచ్చెన, పనిముట్ల పెట్టె, తిండి సంచీ ఉన్నాయి. వాటి వెనక పాత దుప్పట్లో చుట్టిన మూట ఒకటి ఉంది. మూటలో నీలం రంగు డబ్బా, తెల్ల రంగు డబ్బా, మూడు కుంచెలు, ఒక రేకు అచ్చు. అందులో ఏముందో కారులోని ముగ్గురిలో ఒక్కరికే తెలుసు.

ఆ ఒక్కరు బోర్డక్క. రోడ్ల శాఖ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లు దారి బోర్డులు రాసి, మొన్న శుక్రవారం రిటైరైంది. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది. మిగతా అన్నిచోట్లా బోర్డక్కే. కొండ రోడ్డు పొడవునా ఆమె రాసిన బోర్డులున్నాయి. వాటిలో ఒక్కదాన్నీ పాతిన చోట ఆమె చూడలేదు. రంగు ఆరగానే లారీ వచ్చి ఎత్తుకుపోయేది.

రిటైరయ్యావు కదా, ఏం కావాలో అడుగు అని చెల్లెలు అంటే, "కొండ రోడ్డు మీద ఒక రోజు తిప్పండి" అంది. నగో చీరో అడుగుతుందని చూసిన చెల్లెలు, ఇంత చవగ్గా వదిలిపోయిందా అనుకుని అప్పటికప్పుడు ఒప్పేసుకుంది.

నడుపుతున్నది చెల్లెలి భర్త. లిఫ్టు మెకానిక్కు. అతని పక్కన చెల్లెలు, వెనక సీట్లో బోర్డక్క. నిజానికి ఐదుకే ఒకసారి బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీశానో లేదోనని చెల్లెలికి అనుమానం వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే తీసే ఉంది. ఎలాగూ వచ్చాం కదా అని ఆమె గిన్నెలు కడిగింది.

ఏడింటికి రైల్వే గేటు దగ్గర ఇరవై ఐదు నిమిషాలు ఆగారు. గేటు లేచి పది నిమిషాలు కాలేదు, వెనక టైరు పంక్చరైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. స్టెప్నీ తీయడానికి మరిది డిక్కీలో సామానంతా దించాడు. దుప్పటి మూట విడిపోయి రంగు డబ్బాలు బయటపడ్డాయి. చెల్లెలు రోడ్డుకి అవతల అరటిపళ్లు బేరమాడుతోంది.

"వదినగారూ, ఇవేంటి? పిక్నిక్కుకి రంగులా?"

"తర్వాత చెప్తాను మరిదిగారూ. దానికి మాత్రం చెప్పకండి."

మరిది భార్య వైపు ఒకసారి చూసి, మూట మళ్లీ కట్టేశాడు. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి పెళ్లయిన మొదటి నెలలోనే అతనికి తెలిసింది.

పదింబావుకు కొండ మొదలైంది. ఫోన్లో దారి చెప్పే గొంతు అప్పటికే రెండు చోట్ల తప్పు దారి పట్టించింది. మొదటి మలుపులో సిగ్నలు పోయి నోరు మూసుకుంది.

"అప్పుడప్పుడూ ఇంట్లో కూడా ఇలా సిగ్నలు పోతే ఎంత బావుణ్ణు" అన్నాడు మరిది.

"రోడ్డు చూసి నడపండి" అంది చెల్లెలు.

"ఏం రోడ్డే ఇది! నా పనిలో పైకి వెళ్లడమంటే తిన్నగా పైకి వెళ్లడమే. ఇట్లా పాములాగా మెలికలు తిరిగే లిఫ్టుని ఎవడైనా బిగిస్తే వాడి లైసెన్సు పీకేస్తారు."

ఏడో మలుపులో చెల్లెలికి కడుపులో తిప్పింది. కారు ఆపారు. ఆమె పిట్టగోడ పట్టుకుని వంగింది. మరిది వీపు నిమిరాడు, నీళ్లిచ్చాడు. ఆమె మూతి కడుక్కుని తలెత్తేసరికి ఎదురుగా లోయ ఉంది. కింద చెరువు, చెరువు గట్టున బస్సు. అగ్గిపెట్టెంత ఉన్న ఆ బస్సు కదలడం వాళ్లకు కనబడింది, చప్పుడు మాత్రం రాలేదు.

"కక్కితే కక్కాను గానీ, మంచి చోట కక్కాను" అంది చెల్లెలు.

మళ్లీ ఎక్కాక బోర్డక్క లోయ వైపు కూర్చోలేదు. బోర్డులు కనబడే వైపుకి జరిగింది. "ఇది నాది" అంది. రెండు మలుపులు దాటాక, "ఇదీ నాదే. ఇది మాత్రం కాదు, ఆ 'జా'కి దీర్ఘం ఎవరు పెట్టారో గానీ గొడ్డలి పట్టుకున్నట్టుంది" అంది.

"అక్కా, బోర్డులు చూడ్డానికి కొండెక్కేదాన్ని నిన్నే చూశాను. లోయ చూడవే!"

"చూస్తాలే. లోయ ఎక్కడికీ పోదు."

బోర్డులన్నీ దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. కొన్నింటి మీద నాచు. రంగు మాత్రం నిలిచింది. ఆ సంగతి చూసుకుని ఆమెకు తృప్తి కలిగింది. కానీ ముప్పై రెండో కిలోమీటరు రాయి దగ్గర పడేకొద్దీ ఆమె మాటలు తగ్గాయి.

సంగతి పంతొమ్మిదేళ్ల కిందటిది. అప్పటికి ఆమె టెంపరరీ. బోర్డు మీద అక్షరాలు చేత్తో రాసేవాళ్లు, అంకెలు రేకు అచ్చు పెట్టి దిద్దేవాళ్లు. స్టోరు ఇచ్చే అచ్చులు పది కాదు, తొమ్మిది. ఆరుకీ తొమ్మిదికీ ఒకే అచ్చు. రేకు అంచున ఒక గాటు ఉంటుంది. గాటు పైకుంటే ఆరు, కిందికుంటే తొమ్మిది. ఆ రోజు పద్నాలుగు బోర్డులు రాయాలి. లారీ డ్రైవరు గేటు దగ్గర హారన్ మోగిస్తూనే ఉన్నాడు. సాయంత్రం అచ్చులు కడుగుతుంటే, ఈ అచ్చుకి రంగు గాటు లేని వైపుకి కారి ఉండడం చూసింది. గాటు పైకి పెట్టి దిద్దిందన్నమాట. ముప్పై రెండో రాయి దగ్గర పాతే ఆ పద్నాలుగో బోర్డు మీద 'వ్యూపాయింట్ 9 కి.మీ.' ఉండాలి. ఉన్నది ఆరు. లారీ వెళ్లి రెండు గంటలైంది.

పై నెలలో ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ ఉంది. ఆమె నోరు విప్పలేదు. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదామనుకుంది. అయ్యాక చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు. అలా ఏళ్లు గడిచాయి. ఆరు కిలోమీటర్లు లెక్కపెట్టుకుని కార్లు ఏ మలుపులో ఆగుతాయో, వెనక్కి తీస్తూ ఎక్కడ జారతాయోనన్నది ఆమె బెంగ. కొండ రోడ్డులో ప్రమాదమని పేపర్లో పడితే ముందు ఎన్నో కిలోమీటరో చూసేది. ముప్పై ఎనిమిది అని ఎప్పుడూ రాలేదు. పేపరుకెక్కనివి ఎన్నో ఆమెకు తెలియదు. వర్క్‌షాపులో ఎవరు తప్పుల మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

పదకొండూ పదికి ముప్పై రెండో రాయి దాటారు. బోర్డు ఉంది. 'వ్యూపాయింట్ 6 కి.మీ.' దాని మీద దుమ్ము లేదు, నాచు లేదు. ఎవరో తుడిచినట్టుంది.

"ఆరే!" అంది చెల్లెలు. "వచ్చేశాం."

బోర్డక్క, మరిది వీపు వైపు చూసింది. అతను అద్దంలో ఆమెను చూశాడు.

ఆరు కిలోమీటర్ల తర్వాత మలుపు పక్కన లారీలు తిరిగేంత జాగా ఉంది. అందులో ఏడు కార్లు ఆగి ఉన్నాయి. పెంకుల కప్పు కింద టీ కొట్టు, ముందు నాలుగు బెంచీలు. చుట్టూ చెట్లు. లోయ కనబడదు. కొట్టు ఆవిడకి యాభై ఉంటాయి. కారు దిగిన వాళ్లకల్లా, కెటిల్ మీంచి చూపు తిప్పకుండా ఒకే మాట చెబుతోంది.

"వ్యూపాయింటు ఇంకో మూడు కిలోమీటర్లండీ. బోర్డు తప్పు. ఎలాగూ ఆగారు, టీ తాగి వెళ్లండి."

"తప్పు బోర్డు పెట్టడమేంటండీ, చోద్యం కాకపోతే!" అంది చెల్లెలు.

"అట్లా అనకమ్మా. ఆ తప్పే మా ఇల్లు." ఆవిడ గ్లాసులు పేర్చింది. "ఇది కంకర యార్డు. మా ఆయన వాచ్‌మన్. యార్డు మూసేశారు. సామాను కట్టుకున్నాం, తెల్లారితే దిగిపోవాలి. ఆ సాయంత్రం ఒక కారు ఆగి, వ్యూపాయింటేదీ అన్నారు. నాకేం తెలుసు? పాప ఏడుస్తుంటే నీళ్లిచ్చాను. మర్నాడు మూడు కార్లు. వ్యూపాయింటు లేకపోతే పోయె, టీ అన్నా లేదా అన్నాడొకాయన. మూట విప్పి గిన్నె బయటికి తీశాను. ఇద్దరు ఆడపిల్లల చదువులు అయ్యాయి దీని మీద. మా ఆయన నెలకోసారి వెళ్లి ఆ బోర్డు తుడిచి వస్తాడు. అది రాసిన మహానుభావుడెవరో, ఆయన కడుపు చల్లగా ఉండాలి."

బోర్డక్క గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఇక్కడెవరికైనా దెబ్బలు తగిలాయా? కారు వెనక్కి తీస్తూ, జారి?"

"ఇంత జాగా ఉంటే దెబ్బలేంటమ్మా? ఒకాయన బంపరు ఆ రాయికి తగిలింది. ఇంకొకాయన లోయేదీ అని నాతో పోట్లాడాడు. టీ పోశాను. రెండో గ్లాసు అడిగాడు."

"ఇన్నేళ్లలో అంతేనా?"

"అంతే. ఆఫీసోళ్లు కూడా రెండుసార్లు వచ్చారు. ఫొటో తీశారు, టీ తాగారు, వెళ్లారు."

"ఆ బోర్డు రాసింది నేనే" అంది బోర్డక్క.

కెటిల్ పొంగింది. ఆవిడ దించలేదు, మరిది దించాడు. బోర్డక్క అచ్చు సంగతి, గాటు సంగతి, ఇంటర్వ్యూ సంగతి చెప్పింది. చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"పంతొమ్మిదేళ్లు కడుపులో పెట్టుకున్నావా?" అంది చెల్లెలు. "నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"నీతో చెప్తే బోర్డు కొండెక్కేలోపు ఊరంతా తెలిసేదే."

చెల్లెలు నవ్వబోయి, అక్క చెయ్యి పట్టుకుంది. కొట్టు ఆవిడ బెంచీ ఇవతలికి వచ్చింది. బోర్డక్క రెండో చెయ్యి తీసుకుని, వేళ్ల సందుల్లో పోని రంగు మరకలు చూసింది.

"మహానుభావుడు అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ. మీరా!"

"ఇంకో మాట కూడా చెప్పాలి. దాన్ని దిద్దడానికే వచ్చాను. డిక్కీలో రంగు ఉంది."

ఆవిడ చెయ్యి వదిలింది. రెండు గ్లాసులు తీసుకెళ్లి కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది.

"మీ బోర్డమ్మా. మీ ఇష్టం" అంది చివరికి. "తొమ్మిదైతే మాత్రం ఇక్కడెవరూ ఆగరు."

పన్నెండున్నరకి వ్యూపాయింటు చేరారు. మంచు కమ్ముకుని ఉంది. పిట్టగోడ అవతల ఏమీ లేదు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు తిన్నారు. "ఇంత తిప్పలు పడి వస్తే సున్నం కొట్టిన గోడ చూపించారు" అన్నాడు మరిది. చెల్లెలు కారులో పడుకుంది. బోర్డక్క గోడ దగ్గరే కూర్చుంది.

ఒంటి గంటా నలభైకి మంచు విడిపోయింది. ఆమె కేకేసింది. ఎక్కి వచ్చిన రోడ్డంతా కింద కనబడింది, పై మలుపు నుంచి చెరువు దాకా. అక్కడక్కడా ఎండకి బోర్డులు మెరిశాయి. ఆమె వేలు చాపి లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చింది.

"లోయ చూడవే అంటే ఇక్కడ కూడా బోర్డులేనా?" అంది చెల్లెలు. ఈసారి ఆమె కూడా లెక్కపెట్టింది. ఆమెకు పన్నెండు వచ్చాయి. మంచు పదకొండు నిమిషాల తర్వాత మళ్లీ కమ్మింది.

"పంక్చరు పడకుండా ఉంటే ఇది మనకు దక్కేది కాదు" అన్నాడు మరిది. "పొద్దున్నే వచ్చి గోడ చూసి పోయేవాళ్లం."

"ఇస్త్రీ పెట్టె సంగతి కూడా చెప్పండి" అంది చెల్లెలు.

దిగేటప్పుడు కొట్టు దగ్గర ఆగలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి కారును చూసింది. రెండూ నలభైకి ముప్పై రెండో రాయి దగ్గర ఆపారు. మరిది నిచ్చెన వేశాడు. చెల్లెలు ఎర్ర తువ్వాలు ఊపుతూ మలుపులో నిలబడింది.

"వదినగారూ, ఇది నేరమేమో. మీరిప్పుడు ఉద్యోగంలో లేరు."

"తప్పు రాస్తే జీతమిచ్చారు మరిదిగారూ. దిద్దితే ఏం చేస్తారో అదీ చూద్దాం. నిచ్చెన గట్టిగా పట్టుకోండి."

ముందు ఆరు మీద నీలం వేసింది. అది ఆరాక అచ్చు పెట్టింది. గాటు కిందికి. మూడుసార్లు చూసుకుంది.

"ఏ వైపుంది?"

"కిందికి" అన్నాడు మరిది.

"నువ్వు చెప్పవే."

"కిందికే అక్కా!" అని మలుపులోంచి అరిచింది చెల్లెలు. అక్కడికి అచ్చు కనబడదు.

తొమ్మిది పడింది. బోర్డు కింది సగం ఖాళీగా ఉంది. బోర్డక్క కుంచె మార్చి అక్కడ చేత్తో 'టీ' అని రాసింది. అదే అచ్చును గుడ్డతో తుడిచింది. గాటు పైకి తిప్పింది. 'టీ 6 కి.మీ.' పూర్తయ్యేసరికి నాలుగు దాటి ఐదు నిమిషాలైంది. ఆమె నిచ్చెన దిగి, రోడ్డు అవతలికి వెళ్లి, రెండు వరుసలూ పైకి చదివింది.

ఆరూ ఇరవైకి, మైదానంలో రైల్వే గేటు దగ్గర ఆగి ఉండగా చెల్లెలి ఫోను మోగింది. టీ డబ్బులిచ్చేటప్పుడు కొట్టులో ల్యాండ్‌లైను ఫోను చూసి ఆవిడకి తన నంబరిచ్చానని ఆమె అప్పుడు బయటపెట్టింది. ఫోను అక్కకి ఇచ్చింది.

"అమ్మా, మా ఆయన సైకిలేసుకెళ్లి బోర్డు చూసొచ్చాడు" అంది కొట్టు ఆవిడ. "ఐదూ ముప్పావుకి తెల్ల కారొకటి ఆగింది. ముగ్గురు దిగారు."

"ఏమడిగారు?"

"మూడు టీలు."

"వ్యూపాయింటు ఎక్కడని?"

"అడగలేదు."