ఝిల్లీ తోమేసిన తరవాణి కుండ

టీచరు తపస్విని బడి తలుపులు తీసేసరికే హారామణి గుమ్మంలో నిలబడి ఉంది. చంకలో ఖాళీ కుండ, పక్కన మూతి ముడుచుకున్న మనవరాలు ఝిల్లీ.

"చూడు గురుమా, నీ చదువు. మా అత్తగారి నాటి తరవాణి ఇది. రోజూ అడుగున కాస్త ఉంచి, దాని మీదే కొత్త అన్నం, కొత్త నీళ్లు. నిన్న ఈ పిల్ల అదంతా పెంటలో పారబోసి, బూడిద పెట్టి తోమేసింది. పురుగులున్నాయట."

"ఉన్నాయి. నేను అద్దంలో చూశాను," అంది ఝిల్లీ.

"ఈ తరవాణి అన్నం, పఖాళ, ముట్టనంటోంది. ఈ ఎండల్లో ఇంకేం పెట్టను? ఆ అద్దం ఈ బళ్లో ఉంటే నా మనవరాలు ఇక్కడ ఉండదు."

హెడ్మాస్టరు పాణిగ్రాహి అప్పటికే బీరువా తెరిచాడు. "లోపల పెట్టేయండి తపస్వినీ. ఊరితో మనకెందుకు?"

తపస్విని ఆ అద్దాన్ని, బడి సూక్ష్మదర్శినిని, బల్ల మీంచి కదపలేదు. తప్పెక్కడ జరిగిందో ఆమెకు తెలిసిపోయింది. పోయిన వారం పిల్లల గోళ్లలో మట్టి చూపించి, రోగాలు తెచ్చే పురుగులు ఇందులోనే ఉంటాయంది. నిన్న ఝిల్లీ తెచ్చిన తరవాణి చుక్క చూపిస్తుండగా గంట కొట్టారు. ఏమీ చెప్పకుండానే వదిలేసింది. పిల్లలు రెంటినీ ఒకే గాట కట్టేశారు.

"తప్పు నాది జేజెమా, అద్దానిది కాదు. రెండు రోజులు ఆగండి. మీ చేత్తోనే చూపిస్తాను."

"నా చేత్తోనా? నాకు కళ్లే ఆనవు."

అయినా మధ్యాహ్నం బడి వంటింట్లో అన్నం చల్లారాక, హారామణే దాన్ని కుండలో వేసి, నీళ్లు పోసి, చెయ్యిపెట్టి కలిపింది. తపస్విని ఒక చుక్క గాజుపలక మీద వేసింది. పిల్లలు ఒక్కొక్కరే వంగి చూశారు.

"ఏం లేవు. అన్నం తుంపులే," అంది ఝిల్లీ కాస్త నిరాశగా.

రెండో రోజుకి కుండ పుల్లగా కమ్మటి వాసన వేసింది. ఈసారి ఝిల్లీ అద్దం దగ్గర్నుంచి లేవనే లేదు.

"బోలెడున్నాయి గురుమా. ఎక్కణ్ణించి వచ్చాయి?"

"కొన్ని గాలిలోంచి, కొన్ని కుండలోంచి, కొన్ని మీ జేజెమా చేతిలోంచి. పులుపు తెచ్చేది ఇవే. గోళ్లలోవి వేరు."

"చూస్తే తెలుస్తుందా, మంచివేవో?"

"తెలియదు. అవి చేసే పని చూడాలి."

హారామణి కూడా వంగింది. చాలాసేపు చూసింది.

"వీటిలో మా అత్త చేతివి ఉన్నాయా?"

అవునంటే ముసలామె మనసు కుదుటపడుతుంది. అయినా తపస్విని తల అడ్డంగా ఊపింది.

"లేవు జేజెమా. అవి పోయాయి. ఇవి మీవి."

హారామణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంతలో ఝిల్లీ గిన్నె చాపింది. "పెట్టు."

"పురుగులు కదే?"

"నీ చేతివే కదా."

ఉల్లిపాయ కొరుక్కుంటూ ఝిల్లీ గిన్నె ఖాళీ చేస్తుంటే, హారామణి గొంతు సవరించుకుంది.

"రేపట్నించీ దీన్ని ఎప్పట్లా బడికి పంపుతాను. కానీ ఏం చూపించినా, అది మంచిదో చెడ్డదో చెప్పకుండా పిల్లల్ని ఇళ్లకి తోలకు."

"అన్నిటి సంగతీ నాకు తెలియదు జేజెమా."

"తెలియకపోతే తెలియదని చెప్పి పంపు."