తెర మీద నేను కాల్చిన మనిషి

ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాను. వెనక సీట్లో ఎవడు ఎవడి జుట్టు పీకుతున్నాడో తల తిప్పకుండా చెప్పగలను. అలాంటి నాకు, పోలీసుల మీద ఫిర్యాదులు వినే పౌరుల కమిటీలో కూర్చోవడానికి శిక్షణ కావాలట! అదీ ఆ పోలీసుల దగ్గరే! అది పూర్తి చేసి సంతకం పెడితే తప్ప లామాంట్ గ్రిగ్స్ కేసులో పోలీసుది తప్పా కాదా అని తేల్చే ఓటు నన్ను వేయనివ్వరు. ఒళ్లు మండదా మరి?

లామాంట్ మాలాంటి నల్లవాడే, ఏసీలు బాగుచేసేవాడు. తన ఇంటి ముందే, చేతిలో కొలత టేపుతో నిలబడి ఉంటే, ఒక తెల్ల పోలీసు కాల్చి చంపాడు. పద్నాలుగు నెలలైంది. ప్రాణభయంతో కాల్చాను, నా తప్పేమీ లేదు అన్న మాట మీదే ఉన్నాడా పోలీసు.

లామాంట్ తల్లి వెర్లీన్ చర్చిలో నా వెనక వరసలో కూర్చుంటుంది. ప్రతి ఆదివారం నా భుజం మీదుగా ఒక పిప్పరమెంటు బిళ్ల అందిస్తుంది. కిందటి వారం బిళ్లతో పాటు నోరు కూడా విప్పింది.

"ఒడెస్సక్కా, వాణ్ణి ఎలాగూ తీసుకురాలేరు. తప్పు జరిగిందని ఒక్క కాగితం మీద రాయించు, చాలు."

శనివారం పొద్దున్నే పోలీసుల శిక్షణకి వెళ్లాం, కమిటీ వాళ్లం ఐదుగురం. నలుగురు తెల్లవాళ్లు, నేను. సార్జెంట్ కెల్సో ఒక్కొక్కరినే చీకటి గదిలోకి పిలిచి, లేజరు తుపాకీ చేతికిచ్చి, గోడంత తెర ముందు నిలబెట్టి, మీరే పోలీసనుకోండి, ప్రాణానికి ముప్పనిపిస్తే కాల్చండి అన్నాడు. నా వంతు వచ్చింది. తెర మీద ఒక తెల్లవాడు ట్రక్కు దిగి, బూతులు తిడుతూ జేబులో చెయ్యి పెట్టాడు. ఆగాను. పర్సు తీశాడు. నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది.

తరువాత ఇంకొకడు. నల్లవాడు, అచ్చం మా తమ్ముడి పోలిక. నోరెత్తి ఒక్క మాటైనా అనలేదు. జేబులో చెయ్యి పెట్టాడు. కాల్చేశాను. వాడు పడిపోయాక చూస్తే చేతిలో ఉన్నది ఫోను.

నేను! కాల్చింది నేను! సిగ్గుతో చచ్చిపోయాను.

అందరినీ కూర్చోబెట్టి కెల్సో ఫలితాలు చదివాడు. ఐదుగురిదీ ఒకటే కథ. మొదటివాణ్ణి ఎవరూ కాల్చలేదు, రెండోవాణ్ణి అందరూ కాల్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారుగా, మావాళ్లకి ఎంత తక్కువ టైముంటుందో!"

"తెల్లవాడికీ అంతే టైముంది కదయ్యా," అన్నాను. "వాడి దగ్గర ఆగడానికి మా అందరికీ అదెలా సరిపోయింది?"

మా కమిటీలోని పళ్ల డాక్టరు విట్‌ఫీల్డ్ వాచీ చూసుకున్నాడు. కెల్సో గబగబా కాగితాలు పంచాడు. మీరు కాల్చడం సబబేనా అన్నది చివరి ప్రశ్న.

"సబబేనని రాసేద్దురూ ఒడెస్సా గారూ, శాండ్‌విచ్‌లు ఎండిపోతున్నాయి," అన్నాడు డాక్టరు.

కాదు, తప్పు చేశాను అని రాసి సంతకం పెట్టాను. కెల్సో మొహంలో వెలుగు ఆరిపోయింది.

"మేడమ్, ఇది వట్టి వీడియో. చచ్చినవాడెవడూ లేడు."

"అయితే నిజం రాస్తే మీకొచ్చిన నష్టమేంటి? నాకో కాపీ ఇప్పించండి. మంగళవారం ఓటింగుకి ముందు అందరికీ చదివి వినిపించాలి."

ఆ కాపీ కోసం గంటన్నర కూర్చోబెట్టారు. జిరాక్స్ మిషన్ పాడైందట. నేను కదల్లేదు. చివరికి మిషన్ దానంతటదే బాగైంది.

ఆదివారం వెర్లీన్ ఎప్పటిలాగే బిళ్ల అందించింది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. వెనక్కి తిరిగాను.

"నేనూ కాల్చాను వెర్లీన్. తెర మీదే అనుకో. మనవాడే. చేతిలో ఫోనుంది."

వెర్లీన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"తప్పని ఒప్పుకున్నావా?"

"అప్పటికప్పుడే. రాసిచ్చాను."

నా చెయ్యి లాగి, బిళ్ల అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"మరి ఆ పోలీసుకేం రోగం?"