రాగిచుక్క మీద అవతలి ఒడ్డు

పగిడయ్య మంచం కింద తెమడ డబ్బా ఖాళీగా ఉంది. జోజి దాన్ని వెలుతురుకేసి వంచి చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. దగ్గేవాడు దగ్గడం మానితే సంతోషించాలి. కానీ పగిడయ్యకు దగ్గు తగ్గలేదు, దగ్గడానికి కావలసిన ఓపికే పోయింది. నిన్న మధ్యాహ్నం గోడవైపు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు. రాత్రి గంజి ముట్టలేదు. పొద్దున ఇచ్చిన మాత్రలు స్టూలు మీద ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

"తాతా, లే. మందేసుకో."

"సచ్చినోనికి మందెందుకురా జోజీ?" అన్నాడు పగిడయ్య, గోడకు చెబుతున్నట్టు.

జోజి బకెట్టు ఎత్తుకున్నాడు. పొడుగాటి మనిషి, ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారి ఉంటుంది. ఒకప్పుడు ఆ వైపు ఊపిరితిత్తి చెడిన గుర్తు అది. ఫినాయిల్ నీళ్లలో నాని నాని అతని వేళ్ల చర్మం ఎప్పుడూ ఇప్పుడే ఏట్లోంచి లేచొచ్చినట్టు ముడతలు పడి తెల్లగా ఉంటుంది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు పక్కన, టేకుచెట్లు చిక్కబడే చోట సిస్టర్లు నడిపే క్షయ దవాఖానా అది. అక్కడికి రోగిగా వచ్చి, నయమయ్యాక ఎక్కడికీ పోకుండా మగవాళ్ల వార్డులో పనికి కుదిరినవాడు జోజి.

వార్డు తుడిచి వరండాలోకి వచ్చాడు. వరండా గచ్చు అంతా తడిగుడ్డ పెట్టాడు కానీ, నడుమ ఒక మంచం పరిచినంత మేర వదిలేశాడు. అక్కడ సుద్దముక్కతో గీసిన పటం ఉంది. ఆ పటం రాగిచుక్క అనే గ్రహానిది.

ఏడాదిన్నర సూదులు వేయించుకోవాలంటే మనిషికి పిచ్చెక్కుతుంది. ఒళ్లు కాస్త తేరుకోగానే గోడ దూకి పారిపోయేవాళ్లు, ఆరు నెలలకు రక్తం కక్కుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. వాళ్లను మంచాలకు కట్టి ఉంచింది ఈ ఆటే. రాగిచుక్క మీద ఒక పెద్ద పొద్దు, ఒక చిన్న పొద్దు. ఆకాశం ఇప్పపువ్వు రంగు. నీళ్ల బదులు దుమ్ము పారే నది ఒకటుంది, దాని పేరు దుమ్ముగోదారి. గాలి అంతటా దొరకదు, ప్రతి మనిషీ సొరబుర్రలో నింపుకుని నడుముకు కట్టుకోవాలి. వార్డులో ప్రతివాడికీ అక్కడ ఒక వేషం ఉంది. ఎవరేం చేస్తారో వాళ్లే చెప్పాలి. ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతగింజలు విసరాలి. గింజలు పడ్డ తీరు చూసి ఏం జరిగిందో జోజి చెప్పాలి. చెప్పిన మాట వెనక్కి తీసుకోరాదు.

గ్రహాన్ని పెంచింది మాత్రం అందరూ కలిసే. కల్లూరు దగ్గరి తండా నుంచి వచ్చిన లారీ డ్రైవర్ మోతీలాల్ దుమ్ము మీద తెరచాపలతో నడిచే లారీలు పుట్టించాడు. బోనకల్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసిన బసవపున్నయ్య రేవులన్నిటికీ సిగ్నళ్లు పెట్టించాడు. ముదిగొండలో గొర్లు కాసిన పగిడయ్య రెక్కల దున్నల మందను తెచ్చాడు. చెవితోనే దారి పట్టే గైడు వేషం ఆయనది.

నిన్నటి ఆటలో శత్రువులైన గాజుమనుషులు మనవాళ్ల కోటను చుట్టుముట్టారు. లోపల చిక్కుకున్నవాళ్లకు గాలి అయిపోతోంది. బుర్రలు మోసుకుని పగిడయ్య ఒక్కడే దుమ్ముగోదారిలో దిగి కోటకేసి పోతున్నాడు. గింజలన్నీ నల్లగా, కీడువైపు పడ్డాయి. సరిగ్గా అప్పుడే డాక్టరు జీపు హారన్ కొట్టింది. జోజి కంగారుగా లేస్తూ, "మునిగిండు" అనేసి, పగిడయ్య గుర్తును కాలితో చెరిపేశాడు. ఏ తాడుకో వేలాడదీసి నెల రోజులు నడపగల సంగతిని ఒక్క మాటతో ముగించేశాడు. మునిగినవాడు తిరిగి రాడు, అది రాగిచుక్క మీద మొదటి రూలు.

"గైతే నేను లేనా?" అని అడిగాడు పగిడయ్య. అందరూ నవ్వారు. ఆయన లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాలక్యాను వెనకే పెద్ద సిస్టర్ వచ్చింది. పగిడయ్య నాడి చూసి, జోజిని పక్కకు పిలిచింది.

"రేపు పొద్దున జీపు ఖమ్మం వెళ్తుంది జోజీ. ఆయన అప్పటికీ మందు మింగకపోతే అందులో ఇంటికి పంపేస్తాను. గేటు బయట ఇద్దరు మంచం కోసం నేల మీద పడుకుని ఉన్నారు. నేనేం చెయ్యను?"

"సిస్టరమ్మా, ఇంటికి పోతే ఆయన బతకడు."

"ఇక్కడ మాత్రం బతుకుతున్నాడా?" అంది ఆమె. వెళ్తూ వెళ్తూ పగిడయ్య స్టూలు మీద ఒక గ్లాసు పాలు పెట్టి, దాని మీద మూత పెట్టింది.

ఒక్క మాట చెబితే పోయేది. 'నువ్వు మునగలేదు తాతా' అంటే సరిపోయేది. ఆ మాటే జోజి అనలేడు.

అతని భార్య ఇన్నమ్మ ఇదే దవాఖానాలో ఆడవాళ్ల వార్డులో ఉండేది. మగవాళ్లు లోపలికి పోకూడదు. పని కాగానే జోజి కిటికీ బయట నిలబడేవాడు. దగ్గులు వినపడని ఊరు ఒకటి చెప్పమని అడిగింది ఇన్నమ్మ. ఊరు కాదు, చుక్కనే చేద్దామన్నాడు జోజి. రెండు పొద్దులు అతనివి, ఇప్పపువ్వు ఆకాశం ఆమెది. ఆమె పోయాక కూడా జోజి ఆ కిటికీ వదల్లేదు. చుక్క మీద ఎక్కడో ఉంది, రేపో మాపో వస్తుందని తిండి మానేసి అక్కడే కూర్చున్నాడు. చివరికి ఒకనాడు తనకు తానే ఆ రూలు పెట్టుకున్నాడు. ఆమె మునిగింది, మునిగినవాళ్లు రారు. ఆ పూటే అన్నం తిన్నాడు. ఇప్పుడు పగిడయ్య వస్తే, ఇన్నేళ్లూ ఇన్నమ్మ ఎందుకు రాలేదు?

మధ్యాహ్నం సూదులయ్యాక అందరూ పటం చుట్టూ చేరారు. పగిడయ్య మంచం వరండా తలుపు పక్కనే ఉంది. ఆయన ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు.

"జోజన్నా, ముసలాయన్ని పైకి తియ్యి," అన్నాడు మోతీలాల్. "నా లారీల తాడుంది. ఎంత పొడుగైనా ఉంది."

"తాడు నిన్న వెయ్యాల్సింది," అన్నాడు బసవపున్నయ్య. "బండి వెళ్లిపోయాక ఎర్ర సిగ్నల్ వేస్తే బండి వెనక్కొస్తుందా?"

"నీ రైలుకో దండం! మనిషి సస్తుంటే రూలు మాట్లాడ్తవేంది?"

"రూలు కోసం కాదురా లంబాడోడా. జాలిపడి లేపితే జాలి అని ఆయనకి తెలవదా? గొర్లు కాసినోడు, పిచ్చోడు కాదు. రేపు నేనో నువ్వో మునిగినా గట్లనే లేపుతారనుకుంటే ఇంక భయమేంది, ఆటేంది?"

బసవపున్నయ్య చెప్పింది నిజమని జోజికీ తెలుసు. పటం మీదికి వంగాడు. దుమ్ముగోదారి పడమటి గట్టు దాటాక గచ్చు వట్టిగా ఉంది. అటువైపు ఎవరూ ఎన్నడూ పోలేదు. జోజి పోనివ్వలేదు.

"దుమ్ముగోదారికి అవతలి ఒడ్డున్నది," అన్నాడు.

"ఎప్పట్నించి?" బసవపున్నయ్య కళ్లు చికిలించాడు.

"మొదటిసంది ఉన్నది. నేనే చెప్పలే." సుద్దముక్కతో గీత గీశాడు. ఒత్తిడికి సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతోనే ఒక చుక్క పెట్టాడు. "ఆడ ఒక ఆడమనిషి ఉంటది. ఇన్నమ్మ. ఎన్నో ఏండ్ల సంది ఒక్కతే ఉంటది. నిన్న దుమ్ముల ఒక చెయ్యి కనబడ్డది ఆమెకు. పట్టుకున్నది."

"అంతవరకు బాగానే ఉంది," అన్నాడు బసవపున్నయ్య, గొంతు తగ్గించి. "కానీ మునిగినప్పుడే తాత బుర్రలు పగిలినయి. ఇటు నది దాటటానికి గాలి ఏదీ?"

"తన బుర్ర ఇచ్చింది."

"మరి ఆమెకో?"

లోపల ఇనపమంచం కిర్రుమంది. పగిడయ్య ఇటు తిరిగాడు. జోజి అటు చూడలేదు. ఇంకో బుర్ర ఉందని చెప్పొచ్చు. అవతలి ఒడ్డున గాలితో పని లేదని చెప్పొచ్చు. కిటికీ బయట కూర్చున్న రోజుల్లో తనకు తాను చెప్పుకున్నవి అవే. బసవపున్నయ్య జోజి వేళ్లనే చూస్తున్నాడు. మోతీలాల్ గుప్పిట్లో గింజలు కదలడం లేదు.

"ఆమె తాన ఇంకోటి లేదు," అన్నాడు జోజి.

"అంటే?"

"పోయింది."

తను పెట్టిన చుక్కను తనే బొటనవేలితో తుడిచాడు. తెల్లటి వేలికి తెల్లటి సుద్ద అంటుకుంది.

"యాడ తేలిన నేను?" తలుపు పక్కనుంచి పగిడయ్య గొంతు.

"ఇవతలి ఒడ్డున, కోట తలుపు కాడ."

"ఏమన్నదా బిడ్డ?"

జోజి వేలికంటిన సుద్దను గచ్చుకు రాశాడు. "జల్దీ పో తాతా, లోపటోళ్ళు ఊపిరాడక సస్తున్నరు అన్నది."

పగిడయ్య లేచి కూర్చున్నాడు. మంచం పట్టీ పట్టుకుని, తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఒళ్లంత దుమ్మేరా," అన్నాడు చిరాగ్గా. "నీళ్లు కాగబెట్టు."

మోతీలాల్ పగలబడి నవ్వి, నవ్వు దగ్గుగా మారినా వంగిపోయి మరీ నవ్వాడు. బసవపున్నయ్య పైగుడ్డతో ముఖం తుడుచుకుంటూ, "రూలు ప్రకారమే వచ్చాడు," అన్నాడు అందరికీ వినపడేలా.

జోజి ముందు మాత్రలు మింగించాడు. మూత తీసి పాలు తాగించాడు. నీళ్లు కాచి, ముసలాయన్ని స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి వీపు రుద్దాడు. చేతికి చర్మం కంటే ఎముకలే ఎక్కువ తగిలాయి. పగిడయ్య కళ్లు మూసుకుని, మెడ దగ్గర ఇంకా దుమ్ముంది చూడమన్నాడు. ఆ దారినే వచ్చిన పెద్ద సిస్టర్ ఖాళీ మంచం చూసి ఉలిక్కిపడింది. లోపల చెంబు చప్పుడు విని, స్టూలు మీది ఖాళీ పాలగ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

"తల దువ్వుకోవాలె. దువ్వెనున్నదా?" అన్నాడు పగిడయ్య, తువ్వాల చుట్టుకుని మంచం మీదికి చేరాక.

వార్డు దువ్వెన ఎవరో పట్టుకుపోయారు. జోజి దవాఖానా వెనక తన గదికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని తెచ్చి ఇచ్చాడు. పగిడయ్య నింపాదిగా దువ్వుకుని, దాన్ని పక్క కిటికీలో పెట్టి, వార్డువైపు తిరిగి పడుకున్నాడు. నిమిషంలో గురక మొదలైంది.

పొద్దు వాలేవేళ జోజి మళ్లీ బకెట్టుతో వచ్చాడు. మంచాల కింద తుడుస్తూ కిటికీ దాకా వచ్చి ఆగాడు, చెయ్యి చాపలేదు. ఊచల మధ్య ఇన్నమ్మ కొమ్ముదువ్వెన ఆరుతోంది, పళ్లలో రెండు తెల్ల వెంట్రుకలతో.