అమ్మ ఏడ్చే సీను

నాయన పోయిన పొద్దు అమ్మ ఏడవలేదు. పట్టుపురుగులు ఆకలికి ఆగవని, ఆయన్ను ఎత్తుకుపోయినంక నేరుగా తోటకు పోయి మల్బరీ ఆకు కోసుకొచ్చి వేసింది. నేను రాసిన సినిమా కథలో అదే మొదటి సీను.

హోసూరులో స్క్రిప్టు రాసేది నేర్పించే జనార్ధనరావు సారు అది చదివి, "మొగుడు పోతే ఏడవని ఆడదాన్ని ఎవరు నమ్ముతారు పునీత్? ఏడిపించు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా అమ్మ గుండెలు బాదుకొని ఏడ్చినట్టు మార్చి రాసినాను. సారు భుజం తట్టినాడు.

మా ఊరు కెలమంగలం వచ్చి, ఆకు తరుగుతా ఉన్న అమ్మకు ఆ సీను చదివి వినిపించినాను. కత్తి ఆపకుండానే అంతా వినింది.

"పాపం," అనింది. "ఆయమ్మది యా ఊరప్పా?"