రెండోసారి మోగాల్సిన సైరన్

పొద్దున పరీక్షకి సైరన్ మోగితే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఒబ్రాదే. ప్రోగ్రాం రాసింది తనే కదా.

డ్యాం గేట్లు ఎత్తేముందు, నది వంపులో గులకరాళ్ళ మేట మీద ఉన్నవాళ్ళని లేపే సైరన్ అది. ఆకతాయిలు రేడియోలో దొంగ కబురు పంపి మోగించకుండా, డ్యాం నుంచి వచ్చే కబురుకి రహస్యలిపి పెట్టమన్నారు పెద్దలు. పెట్టమన్నారే గానీ కొత్త పెట్టె కొనడానికి వాళ్ళకి చేతులు రాలేదు. పాత పెట్టెలోని చిప్‌కి మెమరీ పిడికెడు కూడా లేదు. కబురు విప్పాలంటే ఒకదాని తర్వాత ఒకటిగా బోలెడు తాళంచెవులు కావాలి. అన్నీ దాచే చోటేదీ? ఒబ్రాద్ ఒక్క చెవే ఉంచి, దాన్నే అరగదీసి రెండోది, రెండోదాన్ని అరగదీసి మూడోది చేసుకునేలా రాశాడు. చోటు సరిపోయింది.

మధ్యాహ్నం వంతెన పక్క కఫానా హోటల్లో బురెక్ రొట్టె తింటుంటే డ్యాం మీదున్న ఇంజనీరు వుకాషిన్ ఫోన్ చేశాడు. పైన వాన దంచుతోందట, కాసేపట్లో సైరన్ కొట్టి గేట్లు ఎత్తుతారట. సరేనని ఒబ్రాద్ పెరుగు గ్లాసు అందుకున్నాడు. కఫానా నడిపే స్తానోయ్కా, బిగుసుకుపోయిన టీవీ తీగ పీకి మళ్ళీ పెట్టింది. ఇలా పీకి పెట్టకపోతే బొమ్మ రాదని సణిగింది.

గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు. బల్ల మీద పరీక్షించినన్నాళ్ళూ తనూ అదే చేశాడు. ప్రతి పరీక్షకీ ముందు తీగ పీకి పెట్టడం అలవాటు. అలా పెట్టినప్పుడల్లా పెట్టె అసలు చెవిని కొత్తగా చదువుకుంటుంది. నది ఒడ్డున సైరన్ స్తంభం మీదున్న పెట్టెకి తీగ ఎవడు పీకుతాడు? పొద్దున అరిగిన చెవి అరిగినట్టే ఉంది, దాంతో కొత్త కబురు విచ్చుకోదు. పని అయ్యాక అసలుదాన్ని తిరిగి పెట్టే రెండు ముక్కలు తను రాయలేదు. పెద్దల్ని ఎంత తిట్టుకున్నా ఈ తప్పు వాళ్ళ నెత్తిన వేయడానికి లేదు.

స్తంభం వైపు నడుస్తూనే వుకాషిన్‌కి ఫోన్ కలిపాడు. "గేట్లు ఎత్తకు. సైరన్ మోగదు."

"పొద్దున చెవులు పగిలేలా మోగిందిగా?"

"అందుకే ఇప్పుడు మోగదు."

వుకాషిన్ ఓ బూతు మాట అన్నాడు. నీళ్ళు అంచుదాకా వచ్చాయని, ఎక్కువసేపు ఆపడం తన చేతుల్లో లేదని చెప్పాడు.

ఒబ్రాద్ రొప్పుతూ స్తంభం దగ్గరికి చేరాడు. కింద మేట మీద ముసలి లాజో కుటుంబమంతా ఉంది. చేపల పులుసు ఉడుకుతోంది, పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. ఒబ్రాద్ అరిచాడు. నది హోరులో ఏం వినపడిందో, లాజో బీరు సీసా ఎత్తి రమ్మని పిలిచాడు.

పెట్టె తెరిచి ఫ్యూజు పీకాడు. దీపం ఆరింది. మళ్ళీ పెట్టాడు. "కబురు పంపు," అన్నాడు ఫోన్లో.

సైరన్ మోగింది. కింద ఒక్కరూ లేవలేదు. లాజో చెయ్యి ఊపి నవ్వాడు. పొద్దున పరీక్షకీ ఇలాగే మోగింది మరి.

ఒబ్రాద్ మళ్ళీ ఫ్యూజు పీకి పెట్టాడు. "ఇంకోసారి."

"పిచ్చెక్కిందా నీకు? గేటు దగ్గర అందరూ నన్నే చూస్తున్నారు."

"పంపరా."

రెండోసారి మోగేసరికి లాజో కోడలు తల ఎత్తింది. మూడోసారికి నీళ్ళలోకి పరిగెత్తి పిల్లల్ని లాక్కొచ్చింది. లాజో ఆఖరున, రెండు చేతులా పులుసు కుండ పట్టుకుని, గట్టెక్కుతూ ఒబ్రాద్‌ని తల్లితో సహా తిట్టాడు. కుండ దింపి ఇంకా తిడుతుండగానే, ఇక ఆపలేక వుకాషిన్ ఎత్తిన గేట్ల నీళ్ళు వచ్చి కుర్చీలు లేపుకుపోయాయి. అప్పుడు లాజో తిట్లు ఆపాడు.

ఫోన్లో వుకాషిన్ అందరూ ఎక్కారా అని అడుగుతూనే ఉన్నాడు. ఒబ్రాద్ మళ్ళీ పీకిన ఫ్యూజు చేతిలో పట్టుకుని పిల్లల్ని మరోసారి లెక్కపెట్టుకుంటున్నాడు.