తెర మీది పెద్దాయన

ఓబులయ్యకు భార్య చివరి మాటలు దక్కకుండా చేసింది ఒక నాయకుడి బొమ్మ. ఇందులో వాదనకు చోటు లేదు. తిరుపాలమ్మను తీసుకుపోయింది జబ్బు. ఆమె మాటలను పోగొట్టింది మాత్రం మనుషులు.

ఫ్యాక్షన్ ఊపు మీదున్న రోజుల్లో మైలవరం దారిలో పెద్దాయన జీపు మీద నాటు బాంబు పడింది. పెద్దాయనంటే వాళ్ళ వర్గానికి నాయకుడు. జీపు పక్కన కాపలా నిలబడ్డవాడు ఓబులయ్య. పెద్దాయనకు చొక్కా కూడా నలగలేదు. ఓబులయ్యకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర గొంతు చించుకుంటే నాలుగు మాటలు దూరేవి.

ఆ తర్వాత సంసారమంతా అరుపులతోనే నడిచింది. తిరుపాలమ్మ గొంతు పెద్దది, గుట్ట అవతలున్న గొర్రెలను కూడా మళ్ళించేది. ఆ గొంతులోనే పుండు లేచింది. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేసరికి ఆమెకు గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. అక్షరం రాదు కాబట్టి రాసి చూపించే దారీ లేదు. మొగుడి వైపు తిరిగి పెదవులు కదిపేది. అతను తల ఊపేవాడు. అతనికి ఏమీ అందలేదని ఆమెకూ తెలుసు.

పులివెందుల క్యాంపులో పార్టీ పేరు మీద పంచిన చెవి మిషన్ ఒకటి ఓబులయ్య దగ్గర ఉంది. పెట్టుకుంటే చెవిలో ఈగల గుంపు దూరినట్టుండేది. ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళకు దాన్ని కంప్యూటర్‌తో సరిచేయాలి, అప్పుడే గుసగుస కూడా వినబడుతుంది. అందుకోసం ఒక డబ్బా, ఒక సీడీ జమ్మలమడుగు పార్టీ ఆఫీసుకు వచ్చాయి. సీడీలోని ప్రోగ్రాం ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కితే, డబ్బాకు మిషన్ తగిలించి సరిచేయవచ్చు.

అది ఎక్కలేదు.

ఆఫీసు చూసుకునే పెద్దన్న ప్రొద్దుటూరి నుంచి కంప్యూటర్లు బాగుచేసే గఫూర్‌ను పిలిపించాడు. గఫూర్ సీడీ పెట్టాడు. తెర మీద ఇసుక గడియారం కాసేపు తిరిగి మాయమైంది. అంతే. తప్పు జరిగిందని కూడా చెప్పలేదు.

"ఏందప్పా, ఎక్కిందా?" అన్నాడు పెద్దన్న.

"ఎక్కితే ఎక్కిందని అంటాది, లేకుంటే లేదని అంటాది. ఇది నోరే తెరవడంలా."

గఫూర్ సీడీ తుడిచాడు. అదే సీడీ ప్రొద్దుటూరులో తన అంగడి కంప్యూటర్లో పెట్టి చూసి మళ్ళీ వచ్చాడు. అక్కడ నిమిషంలో ఎక్కింది. వైరస్ ఉందేమోనని వెతికాడు. పాత పాటలన్నీ చెరిపి జాగా చేశాడు. ఇసుక గడియారం తిరగడం, మాయం కావడం మారలేదు.

చివరికి లోపల నడుస్తున్న ప్రోగ్రాములను ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాడు. ఒకటి మాత్రం ఆగలేదు. కంప్యూటర్ వేయగానే తెర నిండా పెద్దాయన నమస్కారం పెడుతూ కనబడే బొమ్మ అది. ఎలక్షన్ల కోసం హైదరాబాదులో ఎవరో తయారుచేసి పంపారు. వెనక్కి నెట్టినా లోపల నడుస్తూనే ఉంటుంది.

మిషన్ పట్టుకుని పక్కనే కూర్చున్న ఓబులయ్యకు వినబడాలని గఫూర్, పెద్దన్న అరుస్తూనే మాట్లాడుకున్నారు. బయట టీ బంకు దగ్గరి జనం తగాదా అనుకుని తొంగిచూశారు.

"ఇదే మామా అడ్డం. తెరంతా ఇదే పట్టుకోనుండాది. దీన్ని తీసేస్తే మీ ప్రోగ్రాం ఎక్కుతాది."

"తీసేదా?" పెద్దన్న కుర్చీలోంచి లేచాడు. "ఎవరిదనుకున్నావు ఆ బొమ్మ?"

"పనైనాక మళ్ళీ పెడదాంలే."

"మళ్ళీ వస్తాదని గ్యారంటీ ఇస్తావా?"

గఫూర్ తల గోక్కున్నాడు. "దాని సీడీ నాకాడ లేదు. ఇయ్యలేను."

ఆ ఊళ్ళలో గోడ మీది నాయకుడి బొమ్మ దించారంటే పార్టీ మారినట్టే. ఇంకేమీ చెప్పనక్కరలేదు. దించినవాడి పొలంలో చీనీ, అంటే బత్తాయి చెట్లు తెల్లారేసరికి నరికి ఉంటాయి.

"నేను తీస్తా. చెవులు పోగొట్టుకుంది ఆయన కోసమే గదా," అన్నాడు ఓబులయ్య.

"నువ్వు తీసినా పేరు నాకే వస్తాదప్పా. నాకూ పెండ్లాం పిల్లోళ్ళు ఉండారు."

"నాకూ ఉండాది పెండ్లాం. ఇంకా ఉండాది."

పెద్దన్న గోడ వైపు చూశాడు.

"డబ్బా, మిషన్ ఇయ్యండి, నా అంగట్లో సరిచేసి పంపుతా," అన్నాడు గఫూర్.

"మీ వీధి నిండా ఎదుటి పార్టీ వాళ్ళే," అన్నాడు పెద్దన్న. " మా డబ్బాను తామే ఇచ్చినామని చెప్పుకుంటారు. ఇది గడప దాటదు. పెద్దాయన వచ్చినప్పుడు ఒక మాట అడుగుతా, ఆగండి."

పెద్దాయన ఒక పెళ్ళికి వచ్చాడు. పెద్దన్న దండ వేశాడు, నవ్వాడు, అడగలేదు. ఓబులయ్యే జనాన్ని తోసుకుని పోయి, జీపు తలుపు పట్టుకుని అడిగాడు. పెద్దాయన అతని భుజం తట్టి మెల్లగా ఏదో అన్నాడు. పెద్దవాళ్ళకు అరవాల్సిన అవసరం ఉండదు. జీపు కదిలింది.

"ఏమన్యాడు?"

పెద్దన్న అతని చెవి దగ్గర అరిచాడు. "చూద్దాం అన్యాడప్పా!"

ఓబులయ్య మళ్ళీ ఆఫీసుకు పోలేదు. మంచం పక్కనే కూర్చున్నాడు. తిరుపాలమ్మ పెదవులు కదులుతూ ఉండేవి. చివరి రోజు మధ్యాహ్నం అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది. ఏ మాటకు నవ్విందో అతనికి తెలియలేదు. ఆమె నవ్వింది కదా అని తనూ నవ్వాడు. సాయంత్రానికి పోయింది.

దినాలు అయ్యాక తిరుపాలమ్మ చెల్లెలు గురవమ్మ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నం గురవమ్మ అక్క తలాపునే ఉంది.

"బావా," అని అరిచింది. "అక్క ఏం చెప్పిందో నేను విన్యా. చెప్పేదా?"

ఓబులయ్య ఆమె ముఖంలోకి చూశాడు. వీధిలో పోయే వాళ్ళు కూడా ఆగేంత పెద్దగా అరిచింది ఆమె. తిరుపాలమ్మ గుసగుసగా తన ఒక్కడికే చెప్పిన మాటను ఇప్పుడు ఊరంతా వినేట్టు అరిస్తేగానీ తనకు వినబడదు.

"వద్దు."

"ఒక్క మాటేలే బావా..."

"వద్దంటి గదా. అది నాకు చెప్పింది. నాకు రాలేదు. ఇంకొకరి నోట్లోంచి వద్దు." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఈ సంగతి నాకాడ ఇంకెవరూ ఎత్తొద్దండి. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.